పోస్టులో అలుక్కుపోయిన బొగ్గు గీతలు

నేనూ నా స్నేహితురాలూ ఒకే బొమ్మను పోస్టులో అటూ ఇటూ పంపుకుంటూ గీస్తుంటాం. మూడోసారి కవరు విప్పేసరికి ప్రాణం ఉసూరుమంది. తను బొగ్గుతో వేసిన చెట్టు మీద బూడిదరంగు పొర పరుచుకుంది, సన్నటి రెమ్మలన్నీ అలుక్కుపోయాయి.

ఫిక్సేటివ్, అంటే బొగ్గు పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే, సరిగా కొట్టలేదేమో అనుకున్నాం. అది కొంతే. అసలు సంగతి, కవరులో కాగితం కదులుతోంది. బొగ్గు కాగితంలోకి ఇంకదు, దాని గరుకు మీద పొడిలా కూర్చుంటుంది. దారి పొడవునా పై కాగితం దాన్ని రుద్దుతూనే ఉంది.

ఇప్పుడు 30 సెంటీమీటర్ల దూరం నుంచి ఫిక్సేటివ్ రెండు పల్చటి పూతలు కొడుతున్నాం, మధ్యలో ఆరనిచ్చి. ఒకేసారి దట్టంగా కొడితే మచ్చలు పడతాయి. పైన గ్లాసిన్ కాగితం. నున్నగా ఉంటుంది కాబట్టి పొడిని పెద్దగా లాగదు. అన్నిటికన్నా పనికొచ్చింది మాత్రం మూలల జేబులే. చిన్న కాగితం ముక్కల్ని త్రికోణంగా మడిచి అట్టకు అంటించి, బొమ్మ నాలుగు మూలల్నీ వాటిలో దూర్చాను. టేపు బొమ్మను తాకదు, బొమ్మ కదలదు. పైన ఇంకో అట్ట, దాని ముడతల చారలు కింది అట్ట చారలకు అడ్డంగా వచ్చేలా పెడితే వంగదు.

తర్వాతి కవరులో, తను కొమ్మ మీద గీసిన పిచ్చుక గోళ్లు కూడా చెక్కుచెదరలేదు. పాత మసకను తుడవొద్దంది తను. అందులోనే పొగమంచు గీస్తున్నాను.