లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి పంపే మ్యూజిక్ వీడియో వైజాగ్‌లో ఇంట్లోనే ఎలా రికార్డ్ చేయాలి?

అమెరికా వెళ్ళి లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో మ్యూజిక్ చదువుదామనుకునే పిల్లలు మన వైజాగ్‌లోనూ ఉన్నారు, బాగా పాడతారు కూడా, కానీ అప్లికేషన్‌తో పంపే వీడియో దగ్గరికొచ్చేసరికి చేజేతులా పాడుచేసుకుంటున్నారు. ఏళ్ళ తరబడి పిల్లల చేత ఈ రికార్డింగులు చేయిస్తున్నా, ప్రతిసారీ అవే తప్పులు చూసి చూసి విసుగొచ్చి ఇది రాస్తున్నా.

ముందు ఏ కాలేజీయో తేల్చుకోండి. లిబరల్ ఆర్ట్స్‌లో ఇచ్చేది మామూలుగా బీఏ, మ్యూజిక్ మేజర్‌తో, అంటే ప్రధాన సబ్జెక్టుతో, పాటు ఫిజిక్సో ఎకనామిక్సో కూడా చదువుకోవచ్చు, మేజర్ ఏదన్నది రెండో ఏడాది చివరికి చెప్పినా చాలు. కన్జర్వేటరీ, అంటే సంగీతమే ప్రధానంగా నేర్పే బడి, ఇచ్చే డిగ్రీ వేరు, దానికి ఆడిషన్ తప్పదు. ఒబర్లిన్, లారెన్స్, బార్డ్‌లలో రెండూ ఉన్నాయి, రెండు డిగ్రీలూ కలిపి ఐదేళ్ళలో చేసే వీలుంది. కర్ణాటక సంగీతం పిల్లలైతే కనెక్టికట్‌లోని వెస్లియన్ చూడకుండా వదలొద్దు, పేరులో యూనివర్సిటీ అని ఉన్నా చదువు లిబరల్ ఆర్ట్స్ పద్ధతిదే, 1960ల నుంచి అక్కడ మన సంగీతం నేర్పుతున్నారు, వేణు విద్వాంసులు టి. విశ్వనాథన్ గారు ఏళ్ళపాటు అక్కడే పాఠం చెప్పారు. బీఏకి ఈ వీడియో చాలా చోట్ల తప్పనిసరి కాదు, పాట అంతంతమాత్రంగా ఉంటే పంపకపోవడమే మేలు.

ఎప్పుడు తీయాలంటే, వినాయక చవితి పందిళ్ళ మైకులు మొదలవకముందే. ఎర్లీ అప్లికేషన్ల (మామూలు గడువు కంటే ముందే పెట్టేవి) గడువు చాలావాటికి నవంబర్ 1 లేదా 15, అందుకని అక్టోబర్‌లో చూద్దాంలే అంటారు, మన ఊళ్ళో అక్టోబర్ అంటే తుఫాన్ల నెల, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న. పైగా దసరా, ఆ వెనకే దీపావళి టపాసులు. జూలైలో తీసేయండి, తెల్లవారుజామున, కాకులు లేవకముందు.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. రెండు ఫోన్లు, ఒక స్టాండు, గోడకి కట్టడానికి దుప్పట్లు. ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తే అదీ ఆపాలి. వీణ, వయొలిన్ వాళ్ళు ఏసీ గదిలో శ్రుతి చేసుకుని రికార్డింగ్‌కి ఏసీ ఆపేస్తారు, మన ఉక్కపోతకి పది నిమిషాల్లో శ్రుతి జారిపోతుంది, అందుకే ఏసీ అరగంట ముందే ఆపేసి అప్పుడు శ్రుతి చేసుకోండి. మృదంగం ఉంటే మరీ జాగ్రత్త, తేమకి చర్మం వదులైపోతుంది.

ఏం పాడాలి? వర్ణం (సాధన కోసం నేర్పే, ముందే కట్టిన పాట) వద్దు. అందరూ వర్ణంతోనే మొదలెడతారు, అది బట్టీపట్టిన పాఠంలాగే వినిపిస్తుంది. చిన్న ఆలాపన (మాటల్లేకుండా రాగం పాడటం), కృతి, కల్పన స్వరాలు (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలు), ఇది ఒకటి. రెండోది దీనికి పూర్తిగా భిన్నంగా ఉండాలి, నడకలోనూ భావంలోనూ. మొత్తం ఎన్ని నిమిషాలన్నది కాలేజీ పేజీలో ఉంటుంది, అది దాటొద్దు. కల్పన స్వరాలు మాత్రం తీసేయొద్దు, మీ బుర్ర ఎలా పనిచేస్తుందో అక్కడే తెలుస్తుంది.

ఇక అసలు చిక్కు, పాటకి ఆధారంగా వెనక శ్రుతి మోగించే తంబురా. తొందరపడకుండా చదవండి, ఎందుకంటే వీడియోలు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. చాలా ఫోన్లలో రికార్డింగ్‌కి నాయిస్ తగ్గించే ఏర్పాటు ఉంటుంది, ఒకే తీరుగా ఆగకుండా వచ్చే శబ్దం ఏదైనా అది ఫ్యాన్ చప్పుడే అనుకుని తుడిచేస్తుంది. తంబురా కూడా ఆగకుండా ఒకే తీరుగా మోగేదే కదా! మొదటి రెండు సెకన్లు చక్కగా వినిపించి తర్వాత మాయమైపోతుంది, ఇంట్లో పాడుతున్న మీకు తెలీదు, అక్కడ వినేవాళ్ళకి మాత్రం మీ షడ్జం (స) దేని మీద నిలబడిందో అర్థం కాదు, అంత కష్టపడి పాడిన గమకం (స్వరాన్ని ఊపి పాడటం) కూడా అపశ్రుతిలా తోస్తుంది.

రెండో తంటా, ఫోన్ తనంతట తనే వాల్యూమ్ సర్దడం. మీరు ఊపిరి తీసుకోడానికి ఆగగానే తంబురా ఉబికి పైకొస్తుంది, మళ్ళీ పాట అందుకోగానే అణిగిపోతుంది. తారస్థాయిలో గొంతు నొక్కేసినట్టుంటుంది.

ఏం చేయాలంటే, సెట్టింగ్స్‌లో నాయిస్ తగ్గించేది ఏదున్నా ఆఫ్ చేయండి. ఆండ్రాయిడ్‌లో ఓపెన్ కెమెరా యాప్ వేసుకుంటే ఆడియో సోర్స్ దగ్గర అన్‌ప్రాసెస్డ్ అని ఉంటుంది, అది పెట్టండి. తంబురా యాప్ ఉన్న ఫోన్‌ని మీ వెనక పక్కగా, గొంతు కంటే తక్కువ సౌండ్‌తో ఉంచండి, తీసే ఫోన్ మీకు నాలుగైదు అడుగుల దూరంలో. ముందు ఒక్క నిమిషం తీయండి, మధ్యలో కావాలనే పది సెకన్లు మౌనంగా ఉండండి, మళ్ళీ పై షడ్జం అందుకోండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. ఆ మౌనంలోనూ, పై షడ్జంలోనూ తంబురా ఒక్కలాగే ఉంటేనే అసలు టేక్. లేకపోతే ఫోన్ మార్చండి, పక్కింటివాళ్ళదైనా సరే అడగండి.

ఇంత బాధ ఎందుకు, స్టూడియోకి పోతే పోలేదా అంటారు తల్లిదండ్రులు. వద్దు. ఊళ్ళో ఒక స్టూడియోలో నేను రికార్డింగ్ చేయించే పిల్లల్లో ఒకమ్మాయి పాడితే గుడిలో పాడినట్టు ఎకో వేసి, గొంతు ట్యూన్ చేసేసి ఇచ్చారు, తోడి రాగంలో ఆ గాంధారం (గ) ఊపు మొత్తం చదునైపోయింది. ఆ ఊపు లేకపోతే తోడి ఏముంది చెప్పండి? వినేవాళ్ళు ప్రొఫెసర్లు, మెరుగులు దిద్దిన పాటని ఇట్టే పట్టేస్తారు.

మొదటి నుంచి చివరి దాకా ఒకే టేక్, అతుకులు పెట్టొద్దు. తాళం వేసే చెయ్యి ఫ్రేమ్‌లో కనపడాలి, వీణ వాళ్ళకి రెండు చేతులూ. కింద కూర్చునే పాడండి, కుర్చీలో గొంతు రాదు.

వీడియోతో పాటు నాలుగు లైన్లు రాయండి: రాగం, తాళం, వాగ్గేయకారుడు, ఎన్నో నిమిషం నుంచి అప్పటికప్పుడు అల్లి పాడుతున్నారో. ఈ ఆఖరిది చాలామంది రాయరు, రాయకపోతే కల్పన స్వరాలు కూడా ముందే కట్టిన పాటలో భాగమేననుకునే ప్రమాదం ఉంది. గురువుగారి ఉత్తరం పంపనిస్తే అదీ జతచేయండి.

అప్‌లోడ్ చాలా కాలేజీలకి స్లైడ్‌రూమ్ అనే వెబ్‌సైట్‌లో. వాట్సాప్‌లో వచ్చిన ఫైల్ ఎక్కించొద్దు, అందులో సౌండ్ నలిగిపోతుంది, ఫోన్‌లోంచి నేరుగా తీసిన ఒరిజినలే పెట్టండి. యూట్యూబ్ లింక్ అడిగితే అన్‌లిస్టెడ్ (లింక్ ఉన్నవాళ్ళకే కనపడేది) పెట్టండి, ప్రైవేట్ పెడితే వాళ్ళకి తెరుచుకోదు.