రీసెట్ విఫలమైన తర్వాత తెరుచుకోని ల్యాప్‌టాప్‌ను బాగుచేసుకోవడం ఎలా?

విండోస్ ల్యాప్‌టాప్‌ను రీసెట్ చేస్తుండగా పని మధ్యలో ఆగిపోతే, పాత విండోస్ సగం తొలగిపోయి, కొత్తది ఇంకా పూర్తిగా ఏర్పడక, యంత్రం ఎటూ కాని స్థితిలో నిలిచిపోతుంది. చూసేవారికి ల్యాప్‌టాప్ మొత్తం పాడైపోయినట్టే అనిపిస్తుంది గానీ, చాలా సందర్భాల్లో చెడిపోయేది విండోస్ మాత్రమే. 'నా ఫైళ్లు ఉంచు' అన్న పద్ధతిలో రీసెట్ మొదలుపెట్టి ఉంటే, డిస్కులోని ఫోటోలూ పత్రాలూ ఇంకా క్షేమంగానే ఉండే అవకాశం ఎక్కువ. అవి నిజంగా పోయేది తరచుగా ఆ తర్వాత కంగారులో నొక్కే బటన్ల వల్లనే. అందుచేత ముందు ఫైళ్లను బయటికి తీసుకుని, ఆ తర్వాతే విండోస్ సంగతి చూడాలి. ఈ వరుసను ఎవరు ఎంత తొందరపెట్టినా మార్చకూడదు.

అన్నిటికంటే ముందు రీసెట్ నిజంగా ఆగిపోయిందో లేదో తేల్చుకోవాలి. శాతం చూపించే అంకె గంటసేపు కదలకపోయినా లోపల పని జరుగుతూనే ఉండవచ్చు. పాతకాలపు హార్డ్‌డిస్కు ఉన్న ల్యాప్‌టాప్‌లలో ఇది మరీ మామూలు. స్క్రీన్ మీద చుక్కలు తిరుగుతున్నా, డిస్కు లైటు మినుకుమంటున్నా, ఛార్జర్ పెట్టి ఒక రాత్రంతా వదిలేయడమే మంచిది. తెల్లవారేసరికీ అదే అంకె దగ్గర ఉంటే అప్పుడు పవర్ బటన్‌ను యంత్రం ఆగిపోయేదాకా నొక్కి పట్టుకోవాలి.

తిరిగి ఆన్ చేసినప్పుడు తయారీ సంస్థ లోగో కూడా రాకుండా స్క్రీన్ నల్లగానే ఉంటే, అది సాధారణంగా విండోస్‌కు సంబంధించిన చిక్కు కాదు. ఛార్జర్‌నూ, తగిలించిన ఇతర పరికరాలనూ తీసేసి, పవర్ బటన్‌ను ముప్ఫై సెకన్లు నొక్కి ఉంచి, మళ్లీ ఛార్జర్ పెట్టి ఆన్ చేసి చూడాలి. అప్పటికీ లోగో రాకపోతే హార్డ్‌వేర్ పరీక్ష తప్పదు. లోగో వస్తే ఇక్కడి నుంచి ముందుకు సాగవచ్చు.

విండోస్ వరుసగా రెండుసార్లు తెరుచుకోలేకపోతే, ఆ తర్వాతి సారి తనంతట తానే రికవరీ స్క్రీన్‌కు వెళ్తుంది. అది రాకపోతే, లోగో కనిపించి చుక్కలు తిరగడం మొదలుకాగానే పవర్ బటన్‌ను నొక్కి ఆపేయడం రెండుసార్లు చేసి, మూడోసారి వదిలేయాలి. నీలిరంగు స్క్రీన్ వచ్చాక 'ట్రబుల్‌షూట్', అందులో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' తెరవాలి. ఈ స్క్రీన్ కూడా రానంతగా దెబ్బతిని ఉంటే, మరో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ వారి 'మీడియా క్రియేషన్ టూల్' డౌన్‌లోడ్ చేసి, కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్ మీద విండోస్‌ను సిద్ధం చేసుకోవాలి. ఆ పెన్‌డ్రైవ్‌లో అప్పటికే ఉన్నదంతా చెరిగిపోతుంది కనుక ఖాళీది వాడడం మేలు. దానితో బూట్ చేయడానికి, అంటే డిస్కుకు బదులు దాని నుంచి యంత్రాన్ని తెరవడానికి, ఆన్ చేసిన వెంటనే నొక్కవలసిన మీట కంపెనీని బట్టి మారుతుంది. డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్‌లో ఎస్కేప్. సెటప్ మొదటి స్క్రీన్లలో కనిపించే 'రిపేర్' అన్న ఎంపిక ద్వారా అదే ట్రబుల్‌షూట్ దగ్గరకు చేరుకోవచ్చు.

ఈ దశలో చాలామందికి విండోస్ డిస్కుకు వేసే తాళం, బిట్‌లాకర్, అడ్డుపడుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు గుప్త రక్షణ, మనం ప్రత్యేకంగా పెట్టకపోయినా, దానంతటదే అమలులో ఉండవచ్చు. అలాంటప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఫోన్‌లోనో మరో కంప్యూటర్‌లోనో అదే మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచి, పరికరాల వివరాల్లో బిట్‌లాకర్ కీలు చూడాలి. అక్కడ ఒకటి కంటే ఎక్కువ ఉంటే, ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద కనిపించే కీ ఐడీతో పోల్చి సరైనదాన్ని ఎంచుకోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే కీ అక్కడి ఐటీ విభాగం దగ్గర ఉంటుంది. కీ దొరకకపోతే విండోస్‌ను కొత్తగా ఎక్కించుకోవచ్చు గానీ ఫైళ్లు మాత్రం తిరిగి రావు. డబ్బు తీసుకుని కీ లేకుండానే తీసిస్తామని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

ఇక ఫైళ్లను బయటికి తీయడం. దీనికి విండోస్ లోపలే ఒక దారి ఉంది. తెలిసినవారు తక్కువ గానీ ఎంతో ఉపయోగపడుతుంది. ఖాళీ పెన్‌డ్రైవ్‌నో బయటి హార్డ్‌డిస్కునో తగిలించి, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో 'కమాండ్ ప్రాంప్ట్' (ఆదేశాలు టైపు చేసే నల్లటి కిటికీ) తెరిచి, నోట్‌ప్యాడ్ (notepad) అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ నొక్కాలి. నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. దానిలో 'ఫైల్' మెనూలోని 'ఓపెన్' నొక్కి, కింద ఉండే పెట్టెలో టెక్స్ట్ ఫైళ్లకు బదులు 'ఆల్ ఫైల్స్' ఎంచుకుంటే, ఆ చిన్న కిటికీయే మనకు ఫైళ్ల అల్మరాగా పనిచేస్తుంది. 'దిస్ పీసీ'లోకి వెళ్లి, 'యూజర్స్' ఫోల్డర్ ఉన్న డ్రైవ్‌ను వెతకాలి. రికవరీలో డ్రైవ్ అక్షరాలు మారిపోతుంటాయి కాబట్టి మామూలుగా సి అని కనిపించేది ఇక్కడ డి అయి ఉండవచ్చు. ఆ అక్షరాన్ని కాగితం మీద రాసి పెట్టుకుంటే తర్వాత పనికొస్తుంది. యూజర్స్‌లో మన పేరున్న ఫోల్డర్ ఖాళీగా కనిపిస్తే పాత విండోస్ ఫైళ్లు చేరే 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డర్ లోపలి యూజర్స్‌లో కూడా చూడాలి. కావలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ అని, బయటి డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్ అనాలి. ఎంతవరకు కాపీ అయిందో ఇది చూపించకపోవచ్చు, కిటికీ బిగుసుకుపోయినట్టు అనిపించవచ్చు, అయినా మూయకూడదు. పెద్ద ఫోల్డర్లను ముక్కలుగా పంపుతూ, పూర్తయ్యాక రెండు మూడు ఫైళ్లను మరో కంప్యూటర్‌లో తెరిచి సరిచూసుకోవాలి.

కాపీ అవుతుండగా పదే పదే తప్పులు వస్తుంటే డిస్కే చెడిపోతోందని అనుమానించాలి. డిస్కు లోపాలను సరిచేసే చెక్‌డిస్క్ ఆదేశాన్ని చాలామంది మొదటే నడిపేస్తారు. అది డిస్కంతా చదివి, రాసి, చెడుతున్న డిస్కును మరింత అలసటకు గురిచేస్తుంది కాబట్టి ఫైళ్లు బయటపడేదాకా దాని జోలికి వెళ్లకూడదు. ఫైళ్లు అమూల్యమైనవైతే, ఆ దశలోనే యంత్రాన్ని ఆపేసి డేటా రికవరీ నిపుణుల దగ్గరకు తీసుకువెళ్లాలి.

ఫైళ్లు భద్రమయ్యాక బాగుచేసే పని మొదలుపెట్టవచ్చు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోని 'స్టార్టప్ రిపేర్' ఒకసారి నడిపి చూడాలి. రెండోసారికీ ఫలితం లేకపోతే దాన్ని వదిలేయాలి. బూట్ కాన్ఫిగరేషన్ డేటా (విండోస్ ఎక్కడి నుంచి తెరుచుకోవాలో చెప్పే వివరాలు) లేదన్న సందేశం వస్తే, కమాండ్ ప్రాంప్ట్‌లో 'బీసీడీబూట్' (bcdboot) అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి, ఒక ఖాళీ వదిలి, ఇందాక రాసుకున్న డ్రైవ్ అక్షరంతో విండోస్ ఫోల్డర్ చిరునామా (అక్షరం డి అయితే D:\Windows) ఇచ్చి ఎంటర్ నొక్కితే బూట్ ఫైళ్లు కొత్తగా ఏర్పడతాయి.

రీసెట్ దాదాపు చివరిదాకా వచ్చి ఆగినప్పుడు ఎదురయ్యే చిక్కు వేరు. కంప్యూటర్ అనుకోకుండా రీస్టార్ట్ అయిందనీ, విండోస్ ఇన్‌స్టలేషన్ ముందుకు సాగదనీ ఒక పెట్టె కనిపిస్తుంది. ఓకే నొక్కితే రీస్టార్ట్ అయి మళ్లీ అదే పెట్టె. ఆ పెట్టె తెర మీద ఉండగానే షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది (కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ మీట కూడా కలపాలి). 'రెగ్‌ఎడిట్' (regedit) అని టైపు చేసి, విండోస్ అమరికలన్నీ ఉండే రిజిస్ట్రీ తెరిచి, 'హెచ్‌కీ లోకల్ మెషీన్' కింద సిస్టమ్, సెటప్, స్టేటస్, చైల్డ్ కంప్లీషన్ వరుసలో లోపలికి వెళ్లాలి. కుడివైపు 'సెటప్.ఈఎక్స్‌ఈ' విలువ 1గా ఉంటే రెండుసార్లు క్లిక్ చేసి 3గా మార్చి, అన్నీ మూసి, అప్పుడు ఓకే నొక్కాలి. చాలాసార్లు సెటప్ ఆగిన చోటి నుంచి సాగి పూర్తవుతుంది.

ఇవేవీ ఫలించకపోతే ట్రబుల్‌షూట్‌లో మళ్లీ రీసెట్ ఎంచుకోవచ్చు, కానీ ఈసారి 'లోకల్ రీఇన్‌స్టాల్' వద్దు. అది డిస్కులో ఉన్న పాత విండోస్ ఫైళ్లతోనే కొత్తదాన్ని కడుతుంది. ఆ ఫైళ్లు చెడిపోయి ఉంటే మళ్లీ అక్కడే కూలుతుంది. 'క్లౌడ్ డౌన్‌లోడ్' సుమారు 4 జీబీ తాజా ఫైళ్లను తెచ్చుకుంటుంది కాబట్టి దానికి అవకాశం ఎక్కువ. నెట్ కనెక్షన్ నిలకడగా ఉండాలి, ఛార్జర్ తీయకూడదు.

అదీ విఫలమైతే పైన చెప్పిన పెన్‌డ్రైవ్‌తో విండోస్‌ను కొత్తగా ఎక్కించడమే మిగిలిన దారి. ప్రొడక్ట్ కీ అడిగితే 'నా దగ్గర లేదు' అన్నదాన్ని ఎంచుకుని, మునుపటి ఎడిషన్‌నే, అంటే హోమ్ ఉంటే హోమ్, ప్రో ఉంటే ప్రో, ఇవ్వాలి. అదే యంత్రం మీద అంతకుముందు యాక్టివేట్ అయిన విండోస్ నెట్‌కు కలవగానే తిరిగి యాక్టివేట్ అవుతుంది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక, యంత్రం తట్టుకోగలిగితే ఈ అదనుకు విండోస్ 11 వేసుకోవడమే నయం. కొత్త సెటప్‌లో అన్నీ తొలగిపోతాయని అంగీకరించమనే పెట్టె మొదట్లోనే వస్తుంది. ఫైళ్లు ముందే బయటపెట్టుకున్నవారు దాన్ని నిశ్చింతగా టిక్ చేయవచ్చు.

విండోస్ ఎక్కడ వేయాలో అడిగే స్క్రీన్‌లో డిస్కే కనిపించకపోతే వెంటనే డిస్కు పోయిందని నిర్ణయించకండి. ఇంటెల్ 11వ తరం, ఆ తర్వాతి ప్రాసెసర్లున్న చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్కును నడిపించే వీఎండీ అనే ఇంటెల్ అమరిక వల్ల సెటప్‌కు డిస్కు కనబడదు. తయారీ సంస్థ సైట్‌లో మీ మోడల్‌కు చెందిన ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను (డిస్కును విండోస్ గుర్తించేలా చేసే చిన్న సాఫ్ట్‌వేర్) మరో కంప్యూటర్‌లో దించి, దాన్ని విప్పి, ఫోల్డర్‌గా పెన్‌డ్రైవ్‌లో పెట్టి, 'లోడ్ డ్రైవర్' ద్వారా చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. విండోస్‌కు ముందే తెరుచుకునే యంత్రపు అమరికల స్క్రీన్ అయిన బయోస్‌లో కూడా డిస్కు పేరు లేకపోతే మాత్రం డిస్కు వదులైందో, చెడిపోయిందో విప్పి చూడాల్సిందే.

విండోస్ తెరుచుకున్నాక వైఫై పనిచేయకపోతే, ఫోన్‌ను యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి ఫోన్ నెట్‌ను ల్యాప్‌టాప్‌కు ఇచ్చి, విండోస్ అప్‌డేట్ ద్వారా డ్రైవర్లు తెచ్చుకోవచ్చు. సి డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ ఫోల్డర్ మిగిలి ఉంటే, అందులోని యూజర్స్‌ను ఒకసారి నిదానంగా వెతికి, కాపీలో తప్పిపోయినవేమైనా ఉంటే ఆ రోజే తీసుకోవాలి. కొద్ది రోజుల తర్వాత విండోస్ ఆ ఫోల్డర్‌ను మనల్ని అడగకుండానే తొలగించే అవకాశం ఉంది.