అసెంబ్లీ లైనుకు డ్యూటీ చార్టు వేసేటప్పుడు

కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్లు చార్టు వేయమనగానే పేర్ల పట్టిక తీస్తారు. పేర్లు తర్వాత, ముందు లెక్క తేల్చండి అంటాను నేను.

షిఫ్టు 480 నిమిషాలనుకుందాం. భోజనానికి 30, రెండు టీ విరామాలకు 20 పోతే మిగిలేవి 430. ఆ షిఫ్టులో 215 పీసులు కావాలంటే రెండు నిమిషాలకొకటి బయటికి రావాలి. దీన్నే టాక్ట్ టైమ్ అంటారు. ఒక్కో పీసుకు మొత్తం 18 నిమిషాల పని ఉంటే లెక్క ప్రకారం తొమ్మిది మంది చాలు. కానీ పని ఎప్పుడూ సమానంగా తెగదు కాబట్టి పది మంది కావాలని అడగండి.

తర్వాత లైనులో ఒక్కో పని జరిగే చోట, అంటే ఒక్కో స్టేషన్ దగ్గర నిలబడి సమయం కొలవండి. ఎందుకు కొలుస్తున్నారో ముందే చెప్పండి, చాటుగా కొలిస్తే నమ్మకం పోతుంది. అందరికంటే చురుకైనవారి వేగాన్ని ప్రమాణంగా పెట్టుకోవద్దు. వైరింగ్ దగ్గర 130 సెకన్లు పడుతుంటే, మిగతావాళ్లు ఎంత పరుగులు పెట్టినా 198 పీసులు దాటవు. అక్కడ మనిషిని పెంచే ముందు, ఆ పనిలో కొంత ముక్కను ఖాళీ ఉన్న పక్క స్టేషన్‌కు మార్చి చూడండి. కొత్తవారిని మాత్రం అక్కడ నిలబెట్టకండి.

ఇప్పుడు పేర్లు. ఎవరికి ఏ స్టేషన్ వచ్చు, ఎవరు నేర్చుకుంటున్నారు, ఎవరు నేర్పగలరు అన్నది ఒక కాగితం మీద గళ్లు గీసి రాయండి. ప్రతి స్టేషన్ పనీ కనీసం ముగ్గురికి వచ్చి ఉండాలి. టెస్టింగ్ ఒక్కరికే వస్తే, జ్వరం వచ్చినా సెలవు అడగడానికి ఆ మనిషి జంకుతాడు. ఆ పరిస్థితి ఎవరికీ రానివ్వకూడదు.

అన్ని స్టేషన్లూ తెలిసిన ఒకరిని రిలీవరుగా విడిగా ఉంచండి. పై అధికారులు ముందు తీసేయమనేది ఆ పేరునే, ఒప్పుకోకండి. రిలీవరు లేకపోతే మూత్రానికి వెళ్లాలన్నా లైను ఆపాలి.

రెండు గంటలకోసారి స్థానాలు మార్చండి. స్క్రూలు బిగించి మణికట్టు నొప్పెడుతున్నవారిని మళ్లీ మణికట్టు పనికే పంపితే మార్చినట్టు కాదు, తనిఖీకి పంపండి. షిఫ్టుల వరుస ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న క్రమంలో సాగితే నిద్ర కొంత త్వరగా కుదురుతుంది.

చార్టు కనీసం వారం ముందు గోడకు అంటించండి. ఆ తర్వాత ఎవరి షిఫ్టయినా మార్చాల్సి వస్తే, వాళ్లను అడిగాకే పేరు దిద్దండి.