చైన్ సా మొరాయిస్తే ఎక్కడ చూడాలి, కొనేటప్పుడు దేనికి డబ్బు పెట్టాలి

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారి చూస్తే ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు దారులకు అడ్డంగా పడి ఉన్నాయి. ఆ వారంలోనే కంగారు కంగారుగా ఒక పెట్రోలు చైన్ సా కొన్నాను. షాపులో నేను అడిగినవి రెండే: ఎన్ని సీసీ, బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడవాటి పలక) ఎంత పొడవు. 58 సీసీ, 22 అంగుళాలు అన్నారు. పెద్దదైతే మంచిదే కదా అని తెచ్చేసుకున్నాను. ఆ తర్వాత ఏడాదిపాటు వచ్చిన ఇబ్బందుల్లో ఒక్కటి కూడా సీసీ చాలక వచ్చింది కాదు.

కింద రాసినవన్నీ మా తోటలో పడ్డ తిప్పలే. దేనికి ఏది కారణమో, ఏం చేయాలో రాస్తూ, కొత్త మిషన్ కొనేవాళ్లు దానికోసం అదనంగా ఖర్చు పెట్టాలా వద్దా అన్నది కూడా చెబుతాను.

ఇంజను అరుస్తోంది, చెక్క తెగడం లేదు

ముందు కింద రాలుతున్న పొట్టు చేతిలోకి తీసుకుని చూడండి. చిన్న చిన్న పెచ్చుల్లా ఉంటే చైన్ పదునుగా ఉన్నట్టు. పిండిలా ఉంటే పళ్లు మొద్దుబారాయి. కొత్త చైన్ వేసిన వెంటనే ఇలా అయితే తిరగేసి బిగించారేమో చూడాలి. బార్ పైభాగంలో పళ్ల పదును అంచు ముక్కు వైపు తిరిగి ఉండాలి.

మా దగ్గర పదును తొందరగా పోవడానికి ఇసుకే పెద్ద కారణం. పడిపోయిన మానును కోస్తూ చివర్లో బార్ ఒక్కసారి నేలకు తగిలితే చాలు, ఆ చైన్ పని అయిపోయినట్టే. కొబ్బరి మాను బయటి వైపు గట్టిగా ఉంటుంది, దాని పీచు కూడా చైన్‌ను ఇట్టే అరగదీస్తుంది. అందుకే మానును దొర్లించగలిగితే ముప్పాతిక వంతు కోసి, తిప్పి, మిగతాది పైనుంచి కోయాలి.

పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి, అదీ చైన్‌కు సరిపోయే సైజుదే. చైన్ లంకెల సైజు 3/8 అంగుళాల ‘లో ప్రొఫైల్’ (తక్కువ ఎత్తు) రకమైతే 4 మి.మీ., 0.325 అంగుళాలదైతే 4.8 మి.మీ. పంటిని ఎండలో పెట్టి చూస్తే మొద్దుబారిన అంచు మీద సన్నటి తెల్ల గీతలా వెలుగు మెరుస్తుంది. ఆకురాయిని లోపలి నుంచి బయటికి, ఒకే దిశలో, పంటి మీద ఉన్న గీతకు సమాంతరంగా తోయాలి. ఆ మెరుపు పోయిందంటే పదును వచ్చినట్టే. ఒక పంటికి మూడు తోపులు పెడితే అన్నిటికీ మూడే పెట్టండి. మూడు నాలుగుసార్లు పదును పెట్టాక పంటి ముందుండే చిన్న మెట్టును కూడా చదును ఆకురాయితో కాస్త తగ్గించాలి. పంటి అంచు కంటే అది 0.65 మి.మీ. కిందికి ఉంటే చాలు. మరీ తగ్గిస్తే మిషన్ చెక్కను కరిచి పట్టుకుని ఎగిరిపడుతుంది.

ఈ పంటి ఆకారం వెనక ఒక కథ ఉంది. 1946లో అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన, మొద్దును అడ్డంగానూ నిలువుగానూ సమానంగా తొలిచేస్తున్న ఒక పురుగును చూసి, దాని దవడల తీరులో ఈ పంటిని తయారుచేశారు. మన జీడితోటల్ని చంపే కాండం తొలిచే పురుగూ ఆ కుటుంబానిదే. దాని చేతిలో పాతిక చెట్లు పోగొట్టుకున్నాక ఈ సంగతి తెలిసి చాలాసేపు ఆ చైన్‌నే చూస్తూ ఉండిపోయాను.

డబ్బు ఎక్కడ పెట్టాలి? ఇంకో చైన్, రెండు ఆకురాళ్ల మీద. బార్ పొడవు మీద వద్దు. పొడవు పెరిగితే పదును పెట్టాల్సిన పళ్లు పెరుగుతాయి, బరువు పెరుగుతుంది. జీడి, మామిడి, సరుగుడు ఉన్న రైతుకు 16 లేదా 18 అంగుళాలు సరిపోతుంది. రెండు వైపుల నుంచీ కోస్తే దాంతోనే లావు మాను కూడా తెగుతుంది.

కోత వంకర పోతోంది

ఒక వైపు పళ్లు ఎక్కువ అరిగి పొట్టివయ్యాయి. అన్నిటికంటే పొట్టి పంటిని కొలతగా పెట్టుకుని మిగతావాటిని దానికి సమానం చేయండి. అయినా వంకరే అయితే బార్ అంచులు అరిగాయి. చైన్ మార్చినప్పుడల్లా బార్‌ను తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమానంగా అరుగుతాయి.

బార్ కాలిపోతోంది, పొగ వస్తోంది

చైన్‌కు ఆయిల్ అందడం లేదు. బార్ ముక్కును ఒక అట్టముక్కకు జానెడు దూరంలో పెట్టి రేజ్ చేయండి. అట్ట మీద సన్నటి ఆయిల్ చార పడాలి. పడకపోతే బార్ విప్పి, ఆయిల్ వచ్చే రంధ్రంలోనూ గాడిలోనూ ఇరుక్కున్న పీచును పుల్లతో తీసేయండి. కొబ్బరి కోసిన రోజు ఇది తప్పదు. ట్రాక్టర్‌లోంచి తీసిన కాలిన ఆయిల్ పోయకండి, అందులోని ఇనుప రజను పంపును తినేస్తుంది. ఆయిల్ ధారను పెంచుకునే, తగ్గించుకునే స్క్రూ పొడవు బార్లకు పనికొస్తుంది. 16 అంగుళాలకు దానికోసం ఎక్కువ ఇవ్వక్కర్లేదు.

స్టార్ట్ అవడం లేదు, లేదా స్టార్ట్ అయి ఆగిపోతోంది

చాలాసార్లు దోషం పెట్రోలుదే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కార్బరేటర్‌లోని రబ్బరు పొరను గట్టిపరుస్తుంది. టూటీ ఆయిల్ (ఇంజను కోసం పెట్రోలులోనే కలిపే ఆయిల్) కలిపిన పెట్రోలును నెల దాటి ఉంచకండి. పని లేని రోజుల్లో ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా మిషన్ నడిపి పక్కన పెట్టండి.

కలిపే లెక్క మిషన్ పుస్తకంలో ఉంటుంది. 50కి 1 అంటే లీటరుకు 20 మి.లీ., 25కి 1 అంటే 40 మి.లీ. టూటీ ఆయిల్. కలపకుండా ఒక్క ట్యాంకు నడిపినా పిస్టన్ పట్టేస్తుంది. మా ఇంట్లో కలిపిన డబ్బాకు ఎర్ర గుడ్డ కట్టి ఉంచుతాం.

కాసేపు నడిచి ఆగిపోతుంటే ట్యాంకు మూత కొద్దిగా వదులు చేసి మళ్లీ స్టార్ట్ చేసి చూడండి. అప్పుడు సరిగా నడిస్తే ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయినట్టు. కాకపోతే ఎయిర్ ఫిల్టర్, పెట్రోలు ఫిల్టర్, ప్లగ్ వరసగా చూడాలి. ప్లగ్ తడిసి ఉంటే తీసి తుడిచి, చోక్ ఆపి, తాడు నాలుగైదుసార్లు లాగి మళ్లీ బిగించండి.

బ్యాటరీ మిషన్‌కు ఈ గొడవ లేదు. కొమ్మలు కత్తిరించడానికి బాగుంటుంది. కానీ తిత్లీ తర్వాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు. తీరప్రాంతంలో అదొక్కటే నమ్ముకోవద్దు.

స్లోలో కూడా చైన్ తిరుగుతోంది

ఆ మిషన్‌తో పని ఆపేయండి. స్లో స్క్రూను కొద్దిగా తగ్గించండి. అయినా తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగు పోయింది. నాకు ఆ చిన్న స్ప్రింగు ఎక్కడా దొరకలేదు, అమ్మిన షాపులోనూ లేదు. మూడు వారాలు మిషన్ మూలన పడి ఉంది. అందుకే కొనేముందు క్లచ్ స్ప్రింగు, కార్బరేటర్ కిట్, ఆయిల్ పంపు షాపులో ఉన్నాయా అని అడిగి, కళ్లతో చూడండి.

బార్ ఇరుక్కుపోయింది

ఇది మిషన్ తప్పు కాదు, మాను మీద ఒత్తిడి ఎటు ఉందో చూసుకోకపోవడం. రెండు చివర్లూ ఆనుకుని మధ్యలో గాల్లో ఉన్న మానుకు పైన మూడో వంతు కోసి, మిగతాది కింది నుంచి కోయాలి. ఒక చివరే ఆనుకుని ఉంటే ముందు కింద మూడో వంతు, తర్వాత పైనుంచి. ఇరుక్కుంటే లాగకండి. ఇంజను ఆపి, కోతలో ఏటవాలు చెక్కముక్క కొట్టి తీయండి.

బ్రేకు పట్టడం లేదు

బార్ ముక్కు పైమూల దేనికైనా తగిలితే మిషన్ రెప్పపాటులో మొహం మీదికి లేస్తుంది. ముందున్న అడ్డుపిడి అప్పుడు చైన్‌ను ఆపాలి. రోజూ పని మొదలుపెట్టే ముందు రేజ్ చేసి, ఆ పిడిని ముందుకు తోసి చూడండి. చైన్ వెంటనే ఆగకపోతే మూత విప్పి బ్రేకు పట్టీ మీది పొట్టు శుభ్రం చేయండి, అరిగి ఉంటే మార్చండి. బ్రేకు లేని మిషన్ ఎంత చవకగా వచ్చినా తీసుకోకండి. ఈ ఒక్క విషయంలో బేరం వద్దు.

వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి

మొదటి వారం రాత్రి అన్నం కలుపుకుంటుంటే నా వేళ్లకు వేడి తెలియలేదు. అమ్మ గిన్నె లాక్కుని చూసింది, అన్నం పొగలు కక్కుతోంది. హ్యాండిల్‌కూ ఇంజనుకూ మధ్య ఉన్న రబ్బరు దిమ్మల్లో ఒకటి చిరిగిపోయిందని తర్వాత తెలిసింది. దిమ్మ మార్చి, చైన్ పదునుగా ఉంచి, అరగంటకోసారి చేతులకు విశ్రాంతి ఇస్తే కొంత తగ్గింది. పూర్తిగా తగ్గలేదు.

రెండోసారి కొన్నప్పుడు ఎక్కువ డబ్బు పెట్టింది దీనికే. హ్యాండిల్ స్ప్రింగుల మీద ఉన్న మిషన్, 18 అంగుళాల బార్. ఒట్టి మిషన్ ఎత్తి చూస్తే ఈ తేడా తెలియదు. పెట్రోలూ ఆయిలూ నింపించి, స్టార్ట్ చేయించి, షాపు ముందే ఒక దుంగ కోసి చూడండి. కోయనివ్వనంటే ఇంకో షాపుకు వెళ్లండి.