ఈవీ మీద వాదన పెట్టుకునే ముందు మీ బండి లెక్క మీరే వేసుకోండి

దసరాకి అక్కవాళ్లింటికి భూపాలపల్లి నా ఎలక్ట్రిక్ స్కూటర్ మీదే వెళ్లాను. హన్మకొండ నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు. ఛార్జింగ్ సరిపోతుందా లేదా అని పరకాల దాటేదాకా టెన్షన్ పడ్డాను. వెళ్లగానే వరండాలో ప్లగ్గుకి పెట్టాను. బావ ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో షిఫ్ట్ దిగి వచ్చి, కాళ్లు కడుక్కుంటూ ఆ వైరు వైపు చూసి అన్న మాట ఇది: "ఈ కరెంటు మేం తవ్విన బొగ్గుతోనే గదరా వచ్చేది. పెట్రోల్ బండైతే పొగ నీ ఎనకనే వస్తది. దీని పొగ మా మీద పడుతది." నేను వెంటనే "ఎలక్ట్రిక్ అంటే క్లీన్ బావా, ప్రపంచమంతా అదే అంటోంది" అన్నాను. ఆ మాటతో వాదన పాడైపోయింది, అన్నం తినేదాకా ఇద్దరం గొంతులు పెంచుకున్నాం. ఆ రాత్రి నుంచి దీన్ని సరిగ్గా ఎలా మాట్లాడాలో నేర్చుకుంటూ వస్తున్నాను, నేర్చుకున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా, ఏ విషయం మీద వాదిస్తున్నారో ఎదుటివాళ్లతో కలిసి తేల్చుకోండి. ఈవీ మీద జరిగే గొడవల్లో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతాయి. ఒకటి భూమిని వేడెక్కించే కార్బన్ డయాక్సైడ్, రెండోది మనం పీల్చే పొగ, బూడిద, మూడోది తవ్వకాలు, అంటే ఇక్కడి బొగ్గు, ఎక్కడో ఉన్న లిథియం. మీరు కార్బన్ గురించి చెబుతుంటే అవతలివాళ్లు బూడిద గురించి అడుగుతారు, మీరు బూడిదకి జవాబు వెతికేలోపు కాంగోలో కోబాల్ట్ గనుల దగ్గరికి వెళ్లిపోతారు. "ముందు ఇది అయిపోనీ, తర్వాత అది" అని మర్యాదగా ఆపండి. సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

తర్వాత లెక్క. దేశం లెక్క కాదు, మీ బండి లెక్క. నాది మూడు యూనిట్ల బ్యాటరీ, ఒక ఛార్జింగ్‌కి దాదాపు వంద కిలోమీటర్లు వస్తుంది. బ్యాటరీలోకి మూడు యూనిట్లు ఎక్కాలంటే ఛార్జర్ వేడి కింద పోయేది కలిపి గోడ ప్లగ్గు నుంచి మూడున్నర దాకా లాగుతుంది. తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో పోయేది కూడా కలిపితే ప్లాంటు దగ్గర నాలుగు యూనిట్లు తయారు కావాలి. మన దగ్గరి బొగ్గుతో ఒక యూనిట్‌కి సుమారు 650 గ్రాములు కాల్చాలి. అంటే నా వంద కిలోమీటర్లకి రెండు కిలోల ఆరు వందల గ్రాముల బొగ్గు.

ఈ అంకె చెప్తే బావ నమ్మలేదు. మర్నాడు పొద్దున స్నానాల నీళ్లు కాగబెట్టే పొయ్యి దగ్గర ఉన్న బొగ్గు పెళ్లలు తెచ్చి వంటింట్లో కాటా మీద పెట్టాడు. సరిగ్గా తూగేటట్టు చివర్లో ఒక చిన్న పెళ్లను సుత్తితో పగలగొట్టి సగం వేశాడు. ఒక స్టీలు గిన్నెలో పట్టింది, అంతే. అందులో బూడిద 35 శాతం అనుకుంటే తొమ్మిది వందల గ్రాములు. ఆ గిన్నె చూశాక ఇద్దరికీ వాదన మారిపోయింది, ఎందుకంటే "బొగ్గు కరెంటు" అనే మాట చేత్తో ఎత్తగలిగేంత బరువుకి వచ్చింది. మీరు కూడా వీలైతే ఇలా కళ్ల ముందు పెట్టండి.

ఇప్పుడు పెట్రోల్ పక్కన పెట్టి చూడండి. లీటరు పెట్రోల్ కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఊర్లో తిరిగే స్కూటర్ 45 ఇస్తుందనుకుంటే వంద కిలోమీటర్లకి 5 కిలోలు, క్రూడ్ తీయడం, రిఫైనరీ, ట్యాంకర్లు కలిపితే 6 దాకా. నా బండికి వచ్చే కరెంటు మొత్తం బొగ్గుదే అనుకున్నా, యూనిట్‌కి దాదాపు కిలో చొప్పున 4 కిలోలు. దేశం గ్రిడ్ సగటు యూనిట్‌కి 0.7 కిలోల చుట్టూ ఉంటుంది కాబట్టి ఆ లెక్కన 3 కిలోల లోపే. అంటే పూర్తిగా బొగ్గు మీద నడిచినా స్కూటర్ విషయంలో ఈవీదే పైచేయి. కారణం సింపుల్: థర్మల్ ప్లాంటు బొగ్గులోని శక్తిలో 35 శాతం పైగా కరెంటుగా మారుస్తుంది, మోటర్ అందులో చాలావరకు చక్రానికి ఇస్తుంది, పెట్రోల్ ఇంజన్ మాత్రం పావు వంతు దగ్గరే ఆగిపోయి మిగతాదంతా వేడిగా వదిలేస్తుంది.

కారు విషయానికి వచ్చేసరికి మాత్రం జాగ్రత్త. మామూలు ఎలక్ట్రిక్ కారు వంద కిలోమీటర్లకి 15 యూనిట్లు తింటుంది, ప్లాంటు దగ్గర 18 అనుకోండి. అంతా బొగ్గే అయితే 18 కిలోల కార్బన్. లీటరుకి 16 ఇచ్చే పెట్రోల్ కారుకి రిఫైనరీతో కలిపి 17. చెరిసమానం. గ్రిడ్ సగటుతో చూస్తే ఈవీకి 13 పడుతుంది, అంటే కొంచెం మేలే, కానీ స్కూటర్‌లో కనిపించినంత తేడా కాదు. రెండు టన్నుల ఎస్‌యూవీ ఈవీ కొని "నేను పర్యావరణాన్ని కాపాడుతున్నా" అనేవాళ్లని సమర్థించాల్సిన పని మీకు లేదు. ఎదుటివాళ్లు ఈ పాయింట్ లేవనెత్తితే ఒప్పుకోండి, ఒప్పుకుంటే మీ స్కూటర్ లెక్కని కూడా వాళ్లు నమ్ముతారు.

బ్యాటరీ అప్పు సంగతి మీరే ముందు చెప్పండి, అవతలివాళ్లు చెప్పేదాకా ఆగొద్దు. బ్యాటరీ తయారీలోనే దాని సామర్థ్యంలో ఒక్కో యూనిట్‌కి 60 నుంచి 100 కిలోల కార్బన్ పోతుంది, ఎక్కడ ఏ కరెంటుతో చేశారన్న దాన్ని బట్టి. నా స్కూటర్‌కి అది రెండు మూడు వందల కిలోలు. వంద కిలోమీటర్లకి రెండు నుంచి మూడు కిలోలు మిగులుతాయి కాబట్టి పది వేల కిలోమీటర్ల చుట్టుపక్కల ఆ అప్పు తీరుతుంది, రోజుకి ముప్పై తిరిగేవాళ్లకి ఏడాది. 40 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారుకైతే నా లెక్కలో 70–80 వేల కిలోమీటర్లు పట్టింది. కాబట్టి వారానికి ఒకసారి గుడికి తీసే బండికి ఈవీ అక్కర్లేదు, బాగా నడుస్తున్న పాత స్కూటర్ ఉంటే అదే వాడుకోండి. రోజూ కాజీపేట నుంచి ఎనుమాముల మార్కెట్‌కి తిరిగేవాళ్లకి మాత్రం ఈవీ ఎంత త్వరగా తీసుకుంటే అంత మంచిది.

ఇక మన వైపు వాళ్లు, అంటే ఈవీ అభిమానులు, ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. "దేశంలో సగం కరెంటు గ్రీనే" అంటారు. 2025 జూన్‌లో 50 శాతం దాటింది స్థాపిత సామర్థ్యం, అంటే ప్లాంట్ల సైజు. తయారైన యూనిట్లలో బొగ్గు వాటా ఇంకా 70 శాతం చుట్టూ ఉంది. రామగుండం చూస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 100 మెగావాట్ల తేలియాడే సోలార్ ఉంది, 2022 జూలైకి పూర్తిగా మొదలైంది, చూడ్డానికి చాలా బాగుంటుంది. దాని పక్కనే పాత బొగ్గు ప్లాంటు 2,600 మెగావాట్లు, కొత్తగా వచ్చిన తెలంగాణ ప్లాంటు 1,600. సోలార్ రాత్రి ఉండదు, మబ్బు పడితే తగ్గుతుంది, రోజు మొత్తం సగటు తీస్తే సామర్థ్యంలో ఐదో వంతే వస్తుంది. బొగ్గు యూనిట్లు రాత్రీ పగలూ నడుస్తాయి. మంచిర్యాల జిల్లా జైపూర్‌లో సింగరేణి ప్లాంటు 1,200, చెల్పూర్‌లో కాకతీయ ప్లాంటు 1,100 కూడా కలుపుకుంటే మన ఉత్తర తెలంగాణ కరెంటు ఇంకా దేని మీద నిలబడి ఉందో దాచాల్సిన పనిలేదు.

అందుకే "ఎంత" తోపాటు "ఎప్పుడు" అని కూడా అడగండి. రాత్రి పదకొండుకి ఛార్జింగ్ పెడితే అది ఎక్కువగా బొగ్గే, మధ్యాహ్నం పన్నెండుకి పెడితే గ్రిడ్‌లో సోలార్ నిండుగా ఉంటుంది. ఆఫీసులో, కాలేజీలో, షాపు ముందు ప్లగ్గు దొరికితే పగలే పెట్టండి. ఇంటి మీద సోలార్ ఉంటే ఇంకా మేలు: ఒక కిలోవాట్‌కి వంద చదరపు అడుగుల నీడలేని డాబా చాలు, రోజుకి నాలుగు యూనిట్లు వస్తాయి, అంటే నా స్కూటర్ ఫుల్ ఛార్జ్‌కి సరిపడా. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది.

బూడిద గురించి మాత్రం నిదానంగా మాట్లాడండి, ఇది లెక్కలతో గెలిచేది కాదు. బావ వాళ్ల మేనత్త ఊరు థర్మల్ ప్లాంటు బూడిద వదిలే చెరువుకి దగ్గర. మొన్న వేసవిలో వెళ్తే ఆమె అన్నం పెట్టే ముందు కంచాన్ని రెండుసార్లు కడిగింది, ఒకసారి తోమినందుకు, ఇంకోసారి ఆరబెట్టినందుకు. గాలి దుమారం లేస్తే దండెం మీద తెల్ల బట్టలు, పెరట్లో గోంగూర ఆకులు అన్నీ ఒకే రంగు. ఆకుని వేలితో రాస్తే ఆ గీత మాత్రమే పచ్చగా కనిపించింది. ఆమె ముందు "జీరో ఎమిషన్" అనే మాట నా నోటికి రాలేదు. ఎంజీఎం చౌరస్తాలో ఆటోల మధ్య నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి, పక్కన ఆస్పత్రికి వచ్చే పేషెంట్లకి నా బండి వల్ల పొగ తగ్గుతుంది, అది నిజం. ఆ మేలులో కొంత భారం ఇంకో ఊరి మీద పడుతుంది, అదీ నిజం. రెండూ ఒకే నోటితో చెప్పండి. థర్మల్ ప్లాంట్ల సల్ఫర్ పొగకి కేంద్రం 2015లో పరిమితులు పెట్టి, గడువులు పెంచుకుంటూ వచ్చి, 2025 జూలైలో చాలా ప్లాంట్లకి ఆ పొగని తగ్గించే పరికరం పెట్టక్కర్లేదని మినహాయింపు ఇచ్చింది. ఈవీని సమర్థించే మనమే దీని గురించి ముందుగా గట్టిగా అడగాలి, ఎందుకంటే మన బండ్లు ఆ చిమ్నీలకే కట్టి ఉన్నాయి.

కోబాల్ట్ మాట వస్తే "ఏ బ్యాటరీ?" అని అడగండి. ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకంలో కోబాల్ట్, నికెల్ రెండూ ఉండవు, మీ బండిది ఏ రకమో షోరూంలో అడిగి తెలుసుకోండి. లిథియం తవ్వకం మాత్రం ఏ రకం లిథియం బ్యాటరీకైనా ఉంటుంది. కొన్ని ఎలక్ట్రిక్ ఆటోల్లో ఇప్పటికీ సీసం బ్యాటరీలే, అవి పాత సామాన్ల కొట్టుకి చేరి బట్టీలో కరిగితే సీసం గాలిలోకి, మట్టిలోకి పోతుంది. 2022 బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీ బాధ్యత తయారీదారుదే, కాబట్టి తిరిగి కంపెనీ ద్వారానే ఇవ్వండి.

పోలిక పెట్రోల్ బండితోనే ఆగిపోకూడదు. వరంగల్‌లో, కరీంనగర్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. పెద్ద బస్సు కిలోమీటరుకి యూనిట్ పైన కొంచెం తింటుంది, నలభై మంది ఎక్కితే మనిషికి పడేది నా స్కూటర్‌తో సమానం. ఒక్కడే కూర్చున్న ఎలక్ట్రిక్ కారు దానికి ఐదింతలు. ఈ ఒక్క లెక్క కారు కొనాలనుకునే చాలామందికి నేను చెబుతుంటాను.

సింగరేణి కుటుంబాలతో మాట్లాడేటప్పుడు బొగ్గుని తిట్టి మొదలుపెట్టకండి. 1889లో ఇల్లందులో మొదలైన తవ్వకం అది, ఇవాళ్టికీ 40 వేలకు అటూ ఇటూగా పర్మినెంట్ కార్మికులున్న కంపెనీ. "బొగ్గు బందైతే మా పిల్లలు ఏం చెయ్యాలె?" అని బావ అడిగితే నా దగ్గర అంకె లేదు. గనుల పక్కనే సోలార్ పనులకి వాళ్ల పిల్లలకే ముందు ట్రైనింగ్ ఇవ్వాలని నేను అడుగుతాను, అదీ వాళ్లని అడిగి, వాళ్ల మాట విన్నాక.

సంక్రాంతికి బావ హన్మకొండ వచ్చినప్పుడు ఈ లెక్కలన్నీ రాసుకున్న నోట్‌బుక్ చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో లైను చదివి, పెన్ను అడిగి ఒక చోట గుండ్రంగా గీశాడు. "బూడిద 35 వేసినవ్. మా గని బొగ్గుల 40 దాకా ఉంటది, మార్చుకో." మార్చాను. గిన్నెలోంచి వచ్చే బూడిద కిలో దాటింది.