త్యాగరాజ ఆరాధనలో పంచరత్న గోష్ఠిగానానికి గొంతు కలపడం ఎలా?

పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో, కావేరి ఒడ్డున త్యాగరాజస్వామి సమాధి ముందు ఆయన రచించిన అయిదు పంచరత్న కీర్తనల గోష్ఠిగానం (అందరూ కలిసి పాడడం) మొదలైనప్పుడు, పాడేవారెవరో వినేవారెవరో విడదీసి చెప్పడం కష్టం. తెలుగు ఊళ్లలోనూ, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లోనూ జరిగే ఆరాధనలకు ఇదే ఒరవడి. కాస్త సంగీతం నేర్చినవారు ముందుగా సిద్ధపడితే నిస్సంకోచంగా పాల్గొనవచ్చు.

మొదట, మీ ఊరి నిర్వాహకులు ఏ పాఠాంతరం (కృతిని పాడే ఏ తీరు) పాడతారో కనుక్కోండి. ఉమయాళ్పురం, వాలాజాపేట, తిల్లస్థానం శిష్యపరంపరల ద్వారా వచ్చిన పాఠాలలో సంగతులు (ఒకే పంక్తిని మార్చి మార్చి పాడే తీరులు) కొద్దికొద్దిగా వేరుగా ఉంటాయి కనుక, ఒక పాఠం నేర్చుకుని మరొక గోష్ఠిలో కూర్చుంటే అడుగడుగునా తడబాటు తప్పదు.

నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల కృతులు అన్నది పాడే వరుస. అయిదూ ఆది తాళమే. అయిదూ నేర్చుకునే వ్యవధి లేకపోతే, ఎక్కువమందికి చెవిన పడి ఉన్న శ్రీరాగ కృతితో అభ్యాసం ప్రారంభించడం మేలు.

సాహిత్యం మీద ఎక్కువ సమయం పెట్టండి. నాట రాగ కృతి సంస్కృతం, తక్కిన నాలుగూ తెలుగు; పదాన్ని ఎక్కడ విరవాలో, ఎక్కడ కలపాలో అర్థం తెలిస్తేనే తెలుస్తుంది, ఆ స్పష్టత గోష్ఠికి తెలుగువారు ఇవ్వగలిగిన గొప్ప కానుక అని నా నమ్మకం. చరణాలలో ముందు స్వరం (సరిగమలు), ఆ వెంటనే అదే బాణీలో సాహిత్యం వస్తాయి. స్వరం పట్టుబడనివారు ఆ సమయంలో తాళం మాత్రం వేస్తూ, సాహిత్యం దగ్గర కలవవచ్చు. ఆరభి కృతిలో ఒక జాగ్రత్త అవసరం: ప్రతి చరణం తర్వాత పల్లవికి కాక, "సమయానికి తగు మాటలాడెనే" అన్న చోటికి తిరిగి రావాలి.

ఆది తాళం చేతికి అలవాటు కావాలి. ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, విసురు (అరచేయి తిప్పి వేయడం), మళ్లీ దెబ్బ, విసురు. మొత్తం 8 అక్షరాలు (తాళపు లెక్కలు). చప్పుడు కాకుండా తొడమీద వేయండి.

ఆనాడు ముందుగా వెళ్లి, నడిపించే విద్వాంసుల గొంతు నేరుగా వినిపించే చోట కూర్చోండి. స్త్రీలు వెనక్కి తగ్గనక్కరలేదు; స్త్రీలను తిరువయ్యారులో పాడనివ్వని రోజులలో త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించి, వారి గానానికి చోటు సాధించినవారు గాయని బెంగుళూరు నాగరత్నమ్మగారు. పక్కవారి గొంతు మీకు వినిపించేంత మెల్లగా పాడండి, సొంత సంగతులు చేర్చకండి. తారస్థాయి అందకపోయినా, వరుస తప్పినా, పాట ఆపి తాళం కొనసాగించి, తిరిగి ఎత్తుకునే చోట అందరితో కలవండి.