పాత కారు బ్రేకుల్లో లోపం ఎక్కడుందో తేల్చుకోవడం ఎలా

1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతీ 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా, ఆ కార్లు మన ఊళ్లలో ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటితోపాటు జెన్, శాంత్రో, తొలితరం ఆల్టో వంటివి కూడా చాలా ఇళ్లలో రోజువారీ వాహనాలే. వీటిలో దాదాపు అన్నిటికీ ముందు చక్రాలకు డిస్కులు (ప్యాడ్లు రెండు పక్కలా నొక్కి ఆపే పలకలు), వెనక చక్రాలకు డ్రమ్ములు (లోపలి షూలు తెరుచుకొని ఒరుసుకునే గిన్నెలు) ఉంటాయి కాబట్టి, ఒక కారుకు నేర్చుకున్న పరీక్ష మిగిలినవాటికీ పనికొస్తుంది. బ్రేకు సరిగా పట్టడం లేదని గ్యారేజీకి వెళ్తే మొదట ప్యాడ్లు మార్చడం, అయినా తగ్గకపోతే, పెడల్ తొక్కుడుకు బ్రేక్ ఆయిల్‌ను ఒత్తిడితో చక్రాలకు పంపే మాస్టర్ సిలిండర్‌ను మార్చడం చాలాచోట్ల జరిగే పని. లోపం ఎక్కడుందో తేలకుండా భాగాలు మార్చడం వల్ల డబ్బు పోవడమే కాకుండా, అసలు లోపం అలాగే మిగిలి ఉండగా బాగైందన్న ధీమాతో కారు నడిపే ప్రమాదం ఉంది. అందుకే పానా పట్టకముందే పెడల్ ఏం చెబుతోందో గమనించాలి.

కారును చదునైన చోట నిలిపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కండి. తర్వాత ఒక నిమిషంపాటు ముందు మెత్తగా, ఆపైన గట్టిగా తొక్కి పట్టుకోండి. పెడల్ ఒకచోట నిలబడితే మంచిదే. నిలబడకుండా నెమ్మదిగా కిందికి దిగిపోతూ ఉంటే, ఎక్కడో ఆయిల్ కారుతూ ఉండాలి, లేదా మాస్టర్ సిలిండర్ లోపల బకెట్లని మెకానిక్‌లు పిలిచే రబ్బరు కప్పులు అరిగి, ఆయిల్ వాటిని దాటి వెనక్కి జారిపోతూ ఉండాలి. బయట ఎక్కడా తడి లేకుండా, రిజర్వాయర్‌లో (ఆయిల్ డబ్బాలో) మట్టం తగ్గకుండా పెడల్ మాత్రమే దిగుతోందంటే రెండో కారణాన్నే అనుమానించాలి. ఈ లోపం మెత్తగా తొక్కినప్పుడే ఎక్కువగా బయటపడుతుంది. గట్టిగా తొక్కినప్పుడు ఒత్తిడికి కప్పు అంచు సిలిండర్ గోడకు అదుముకొని కాసేపు నిలబడవచ్చు కాబట్టి, గట్టిగా తొక్కి చూసి బాగానే ఉందని వదిలేయకూడదు.

పెడల్ స్పాంజి నొక్కినట్టు మెత్తగా ఉంటే లైన్లలో (ఆయిల్ పైపుల్లో) గాలి చేరి ఉండవచ్చు. మొదటిసారి బాగా లోపలికి వెళ్లి, వెంటనే రెండోసారి తొక్కినప్పుడు పైనే గట్టిగా నిలబడితే గాలి కంటే వెనక డ్రమ్ముల సర్దుబాటునే ముందు చూడాలి. షూ మీది లైనింగ్ (రాపిడి పొర) అరిగిన కొద్దీ షూకూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడాన్ని పూడ్చడానికే మొదటి తొక్కు సరిపోతుంది. హ్యాండ్ బ్రేక్ లివర్ మునుపటికన్నా చాలా పైకి లేస్తుండడం కూడా ఈ అనుమానాన్ని బలపరుస్తుంది, అయితే కేబుల్ సాగినా అలాగే జరుగుతుంది. కాబట్టి కేబుల్ బిగించేముందు డ్రమ్ము విప్పి లోపల చూడటం మంచిది.

పెడల్ రాయిలా గట్టిగా ఉండి కారు ఆగకపోతే, ఇంజిన్ వాక్యూమ్‌తో కాలి బలానికి తోడయ్యే బూస్టర్ ఉన్న మోడళ్లలో ఇంకో పరీక్ష ఉంది. ఇంజిన్ ఆపి ఉండగానే పెడల్‌ను చాలాసార్లు తొక్కి లోపలి వాక్యూమ్ ఖాళీ చేసి, చివరిసారి తొక్కి పట్టుకొని ఇంజిన్ స్టార్ట్ చేయండి. బూస్టర్ పనిచేస్తుంటే పెడల్ కాలికింద కొద్దిగా దిగుతుంది. ఏమాత్రం కదలకపోతే, బూస్టర్ కొనేముందు ఇంజిన్ నుంచి దానికి వచ్చే రబ్బరు గొట్టాన్నీ, దానిలోని వన్‌వే వాల్వునూ చూడండి. ఎండకు బీటలు వారిన గొట్టం ఖర్చు బూస్టర్ ధరలో చిన్న భాగమే.

బ్రేకు వేయగానే కారు ఒక పక్కకు లాగడం పాత కార్లలో తరచుగా కనిపించే లోపం. ఇందులోనే పొరపాటు నిర్ణయాలు కూడా ఎక్కువ. కారు ఎడమకు లాగుతోందంటే ఎడమ బ్రేకు చెడిపోయిందని కాదు, చాలాసార్లు కుడివైపు బ్రేకు పట్టడం లేదని అర్థం. టైర్ల గాలి సమంగా ఉందో లేదో ముందు చూసుకొని, నాలుగైదు కిలోమీటర్లు నడిపి ఆగాక రెండు ముందు చక్రాల దగ్గరా వేడిని పోల్చండి; డిస్కును చేత్తో ముట్టుకోకూడదు, అరచేయి దూరంగా ఉంచితే చాలు. ఒక చక్రం మరీ వేడిగా ఉంటే అది వదలకుండా పట్టేసి ఉంది. మరీ చల్లగా ఉంటే అసలు పట్టడం లేదు.

పట్టేసిన చక్రం విషయంలో లోపం ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్‌దా, దానికి ఆయిల్ తెచ్చే రబ్బరు గొట్టందా అన్నది తేల్చడం ముఖ్యం. ఏళ్లు గడిచిన రబ్బరు గొట్టం పైకి బాగున్నా లోపల ఉబ్బి దారి మూసుకుపోతుంది. పెడల్ ఒత్తిడికి ఆయిల్ ముందుకు వెళ్తుంది కానీ పెడల్ వదిలాక తిరిగి రాలేదు. ఆ చక్రాన్ని జాకీతో లేపి, స్టాండు మీద నిలిపి, పట్టేసి ఉండగానే బ్లీడింగ్ నిపుల్‌ను (గాలి, ఆయిల్ బయటికి వదిలే చిన్న మరను) కొంచెం వదులు చేయండి. కొద్దిగా ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందంటే గొట్టాన్నో, దానికి పైన మాస్టర్ సిలిండర్‌నో అనుమానించాలి. ఒక్క చక్రమే పట్టేస్తున్నప్పుడు సాధారణంగా గొట్టమే కారణం. నిపుల్ వదిలినా చక్రం తిరగకపోతే క్యాలిపర్ పిస్టన్ గానీ, క్యాలిపర్ జారే పిన్నులు గానీ తుప్పు పట్టి ఉన్నాయి. విశాఖ, కాకినాడ వంటి సముద్రతీర ఊళ్లలోని కార్లకు ఇనుప బ్రేకు పైపులు కూడా తుప్పుకు గురవుతాయి కాబట్టి, కింద ఆ పైపుల పొడవునా చూడటం మరువకూడదు.

వెనక టైరు లోపలి పక్క తడిగా, జిడ్డుగా ఉంటే డ్రమ్ములో షూలను తెరిచే వీల్ సిలిండర్ కారుతోందని అనుమానించి డ్రమ్ము విప్పి చూడండి. ఆయిల్ తగిలిన షూలను తుడిచి వాడటం సరికాదు, మార్చాల్సిందే. డ్రమ్ములోని దుమ్మును నోటితోనో కంప్రెసర్‌తోనో ఊదకండి. పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు హానికరం. తడిగుడ్డతో తుడవండి.

బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణుకుతుంటే ముందు డిస్కులను, సీటు కింద వణుకు తెలుస్తుంటే వెనక డ్రమ్ములను ముందు చూడాలి. లోహం రాసుకునే గరగర శబ్దం వస్తే ప్యాడు పూర్తిగా అరిగి, వెనక ఇనుప పలక డిస్కును తాకుతూ ఉండవచ్చు. ఇక ఆ కారును నడపకూడదు. డిస్కుకు ఉండాల్సిన కనీస మందం చాలావాటికి అంచు మీదే ముద్రించి ఉంటుంది, అంతకంటే పలచబడితే లేత్ యంత్రంపై చదును చేయించడం వృథా.

చివరగా ఆయిల్ సంగతి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. గాలిలోని తేమను పీల్చుకొని అందులో నీరు 3.7 శాతానికి చేరాక ఈ కనీస మరుగు స్థాయి 140 డిగ్రీలకు పడిపోతుంది. శ్రీశైలం లేదా అనంతగిరి ఘాట్‌లో దిగుతున్నప్పుడు పెడల్ ఒక్కసారిగా మెత్తబడి లోపలికి పోవడానికి ఇలా మరిగిన ఆయిలే కారణం కావచ్చు. అలా దిగుతున్నప్పుడు పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్లు, లైనింగులు అతిగా వేడెక్కాయని అర్థం. ఆయిల్ నల్లబడినా, మార్చి రెండేళ్లు దాటినా కొత్తది పోసి లైన్లలో గాలి తీయించండి. గాలి తీసేటప్పుడు పాత మాస్టర్ సిలిండర్ ఉన్న కారు పెడల్‌ను నేలదాకా తొక్కకుండా కింద ఒక చెక్కముక్క పెట్టడం ఎంతో అవసరం. పిస్టన్ ఎన్నడూ చేరని చోట గోడకు పేరుకున్న మురికి, తుప్పు కొత్తగా గీసుకొని రబ్బరు కప్పులను చీల్చవచ్చు. బ్లీడింగ్ (గాలి తీయడం) తర్వాత పెడల్ దిగిపోవడం మొదలైందనే ఫిర్యాదులలో కొన్నిటికి ఇదే మూలం.

మరమ్మతు అయ్యాక కారు కదపకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కి, ఖాళీ రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగంతో మొదట పరీక్షించండి. మర్నాడు రిజర్వాయర్ మట్టాన్నీ, ప్రతి చక్రం లోపలి పక్కనూ మళ్లీ చూడండి. తగ్గుదల గానీ తడి గానీ కనబడితే, కారణం తేలేదాకా కారు బయటకు తీయవద్దు.